పరగడుపు లెక్క

నాగుల చవితి నాటి పొద్దున్న శ్రవణి అబద్ధం చెప్పింది. వైజయంతికి ముందు తోచింది అదే.

శ్రవణి మనిషి కాదు, యంత్రం. నడుముకి చుట్టే వెడల్పాటి పటకా, దాని నిండా బియ్యపు గింజంతేసి మైకులు, పక్కన ఒక కంప్యూటరు. పిల్లల కిడ్నీల్లో నెఫ్రాన్లు ఎన్ని ఉన్నాయో విని చెబుతుంది. నెఫ్రాన్ అంటే రక్తాన్ని వడగట్టే జల్లెడ, కంటికి ఆననంత చిన్నది. ఒక్కో కిడ్నీలో లక్షల కొద్దీ ఉంటాయి. తల్లి కడుపులో ఎన్ని తయారైతే అన్నే. పుట్టాక కొత్తది ఒక్కటీ రాదు, పోయినది తిరిగి మొలవదు. ఇదివరకు వాటిని లెక్కపెట్టాలంటే ముందు మనిషి పోవాలి, తర్వాత కిడ్నీని పలచటి పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. బతికున్న పిల్ల నడుముకి పటకా చుట్టి, ఒక్కో జల్లెడలోంచి రక్తం జారే సవ్వడిని విడివిడిగా పట్టుకోవచ్చని వైజయంతి మొదట అన్నప్పుడు, విశాఖపట్నంలో ఆవిడ పనిచేసే పరిశోధన సంస్థలో నవ్వనివాళ్ళు లేరు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఇప్పుడు ఆ నవ్విన వాళ్ళే సభల్లో శ్రవణి పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

ఆ శ్రవణికి కొలబద్ద వైజయంతి కూతురు మృదుల. నెలకోసారి పిల్లని ప్రయోగశాలకు తెచ్చి పటకా చుడతారు. తొమ్మిది లక్షలు రావాలి. వస్తే యంత్రం బాగున్నట్టు. ఆ పొద్దున్న ఆరు లక్షలు వచ్చింది.

"కదిలావా?" అంది వైజయంతి.

"కదల్లేదమ్మా. కదిలే ఓపిక కూడా లేదు. పుట్టలో పాలు పోసేదాకా ఏమీ తినకూడదంది నానమ్మ. అయిపోయిందా? నానమ్మ బయట నిలబడి ఉంది."

వైజయంతి ఆ మాట విననే లేదు. లక్షల కొద్దీ జల్లెడల సవ్వడి వినే యంత్రాన్ని కట్టిన మనిషికి కన్నకూతురి మాట చెవికెక్కలేదు. పిల్లని పుట్టకి పంపేసి, స్క్రూడ్రైవరు తీసుకుని శ్రవణి పొట్ట విప్పింది. పండగ పూటంతా మైకులు ఒక్కొక్కటీ తీసి తుడిచి పెట్టింది. ఏ లోపమూ దొరకలేదు. దొరక్కపోయేసరికి ఒళ్ళు మండి, ఎదురుగా ఉన్న కుర్చీని ఒక్క తన్ను తన్నింది. కుర్చీకి ఏమీ కాలేదు గానీ కాలి వేలు వాచింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేయించి మళ్ళీ పిల్లని కూర్చోబెట్టింది. తొమ్మిది లక్షలు. తను బాగుచేసింది ఏమీ లేదు, అయినా బాగుపడింది. యంత్రాలు చేసేవాళ్ళకి ఇంతకన్నా చిరాకు మరొకటి ఉండదు.

"నిన్న ఆకలితో ఉన్నానుగా, అందుకే తక్కువొచ్చిందేమో," అంది మృదుల ఊరికే, జడ కొస తిప్పుకుంటూ. వైజయంతి చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

ఆ మర్నాడు పిల్లని మళ్ళీ పస్తు పెట్టి తీసుకొచ్చింది. పండగ అయిపోయాక కూడా పస్తులేమిటే, పిల్లని చంపుతావా అని అత్తగారు వీధి వాకిలి దాకా వచ్చి చివాట్లు పెట్టింది. పరగడుపున ఆరు లక్షలు. అక్కడే గుడ్డూ పప్పన్నం పెట్టి, పటకా విప్పకుండా, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది వైజయంతి. కాసేపటికి ఒకటీ అరా కొత్త సవ్వడి వినబడింది. తర్వాత పదులు, వేలు. రేకుల కప్పు మీద వాన అందుకున్నట్టు చప్పుడు చిక్కబడింది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది లక్షలు.

కడుపు ఖాళీగా ఉంటే మూడో వంతు జల్లెడలు పడుకుంటాయి. పడుకున్న జల్లెడ చప్పుడు చెయ్యదు. చప్పుడు చెయ్యనిదాన్ని శ్రవణి లెక్కపెట్టదు. అంతే సంగతి. ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళలో తట్టనందుకు తనని తాను తిట్టుకోబోతుంటే ఉద్దానం గుర్తొచ్చింది. తిట్టుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటికీ తెలుసు. ఎందుకొస్తుందో మాత్రం ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. శ్రవణిని మొదట తీసుకెళ్ళింది అక్కడికే, వెదుళ్ళపుట్టుగ అనే ఊరికి. పిల్లలందరూ తెల్లారేసరికి బడి వరండాలో వరసగా కూర్చుని ఉన్నారు. అల్లరి లేదు, ఏడుపు లేదు. పటకా చుడితే బొమ్మల్లా పడుకున్నారు. నగరం పిల్లలకన్నా ఎంత బుద్ధిమంతులో అని వైజయంతి తిరిగొచ్చాక పదిమందితో చెప్పింది కూడా. ఆ ఊళ్ళో టెస్టు అంటే పరగడుపున వెళ్ళాలని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఏళ్ళ తరబడి రక్తపరీక్షలు చేయించుకున్న ఊరు అది. తినాలా మానాలా అని వాళ్ళు అడగలేదు. తినండి అని ఈవిడ చెప్పలేదు. వాళ్ళది బుద్ధి కాదు, ఆకలి. కదిలే ఓపిక లేక పడుకున్నారు.

అన్నం తిని వచ్చిన నగరం పిల్లల లెక్కల్ని, పస్తుతో వచ్చిన ఉద్దానం పిల్లల లెక్కల్ని పక్కపక్కన పెట్టి వైజయంతి ఒక గ్రాఫు గీసింది. కంటికి ఆనవాలుగా ఉంటుందని ఐదు లక్షల దగ్గర ఒక చుక్కల గీత పెట్టింది. ఆ గీతకి వేరే అర్థం లేదు. కానీ గీత కనిపిస్తే చాలు, దాన్ని నియమం చేసేవాళ్ళు ఈ దేశంలో బోలెడంతమంది. గీత కింద ఉన్న పిల్లల్ని క్రీడా పాఠశాలల్లో చేర్చుకోకూడదన్నారు. ఊరి సగటు గీత కిందుంటే దూరం నుంచి నది నీళ్ళు గొట్టాల్లో తెస్తామన్నారు. రెండూ ఒకే జీవోలో వచ్చాయి. వెదుళ్ళపుట్టుగలో తల్లులు పిల్లల్ని పరిగెత్తనివ్వడం మానేశారు. క్రికెట్ ఆడేచోట నాలుగు లక్షలవాడికి బౌలింగు ఇవ్వడం లేదు.

అక్కడి పిల్లే తులసి. పన్నెండేళ్ళు. బరువులెత్తడంలో జిల్లాలో ఆ వయసు వాళ్ళందరిలోకీ మొదటొచ్చింది. క్రీడా పాఠశాలకి ఎంపికైంది. లెక్క నాలుగు లక్షల ఇరవై వేలు అని తేలేసరికి కుదరదన్నారు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ప్రవేశాలు ఈ శనివారంతో ఆఖరు. అప్పటి నుంచి ఆ పిల్ల తల్లి దమయంతి అడపాదడపా ఫోను చేస్తూనే ఉంది. ఒక్క మాటే అడుగుతుంది. "మా గుంటదాని లెక్క నిజమేనా అమ్మా?" నిజమేనని వైజయంతి ప్రతిసారీ చెప్పింది.

*

"లెక్కలన్నీ తప్పు సార్," అంది వైజయంతి, సంస్థ డైరెక్టరు సుదర్శనం గదిలో.

"తప్పు అనకమ్మా. తక్కువ అను."

"తక్కువని తప్పుగా చెప్పాం సార్."

సుదర్శనం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జవాబు తోచనప్పుడల్లా ఆయనకి కళ్ళజోడు మాసిపోతుంది. "రెండు నెలలు ఓపిక పట్టు. నెమ్మదిగా ఒక సవరణ వేద్దాం. ఇప్పుడు లెక్కలు తప్పంటే నీళ్ళ పథకం ఆగిపోతుంది. మన పరువూ పోతుంది."

"శనివారం దాటితే తులసి సీటు పోతుంది."

"తులసి ఎవరు?" అన్నాడాయన.

ఆ మాటకి వైజయంతి కోపంతో లేచి బయటికొచ్చేసింది. యంత్రం పనికిరాదని చెప్పే హక్కు దాన్ని తయారు చేసినవాళ్ళదేనని నియమాల్లో ఉంది. ఏదైనా బెడిసికొడితే తన మెడకి చుట్టుకోకూడదని ఆ నియమం రాయించింది సుదర్శనమే. వైజయంతి ఒక్క మాట రాసి పంపితే శ్రవణి చెప్పిన లెక్కలన్నీ చెల్లకుండా పోతాయి. లెక్కే లేకపోతే తులసిని ఆపడానికి ఎవరికీ ఆధారం ఉండదు. కానీ రాసేముందు ఒక్కసారి ఆ పిల్ల అసలు లెక్క చూడాలనిపించింది. ఆరు లక్షలో ఏడు లక్షలో వస్తే, ఇదిగోనమ్మా అని దమయంతి చేతిలో పెట్టాలనిపించింది. కారులో శ్రవణిని పడుకోబెట్టుకుని ఉద్దానం బయల్దేరింది.

*

ఈసారి మధ్యాహ్న భోజనాలయ్యాకే మొదలుపెట్టింది. పిల్లలకి కడుపు నిండా అన్నం, పప్పు, గుడ్లు. తిన్న పిల్లలు పటకా చుట్టనిస్తారా! ఒకడు పొట్ట ముట్టుకుంటే చాలు కితకితలని దొర్లుతాడు, ఇంకొకడు మైకులోకి పాట పాడతాడు. వైజయంతి కసిరి కసిరి గొంతు పోగొట్టుకుంది. అయినా ఆ అల్లరి చూస్తే ప్రాణం లేచొచ్చింది. లెక్కలన్నీ పెరిగాయి. ఒక్కొక్కరే గీత దాటి పైకి వెళ్ళిపోతున్నారు. నాలుగు లక్షలవాడికి ఆరు లక్షలు తేలింది.

తులసి ఆఖరున వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంది. అరచేతుల్లో కాయలు కాశాయి. పటకా తనే చుట్టుకుని పడుకుంది.

నాలుగు లక్షల ఇరవై వేలు.

వైజయంతి మళ్ళీ చూసింది. అదే. కాసేపు ఆగి చూసింది. అదే.

"ఎంతొచ్చినాదండి?" అంది తులసి పడుకునే.

"ఇంకా చూస్తున్నానమ్మా."

"నాను మూడు గుడ్లు తినీసినానండి. ఇంకోటి తినమంటే తింతాను."

ఇంకోటి పెట్టింది వైజయంతి. పొద్దువాలే దాకా కూర్చోబెట్టింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని వింది. మిగతా పిల్లలకి పరగడుపున తీసిన రికార్డు పెడితే మధ్యమధ్య నిశ్శబ్దంగా ఖాళీలు వినిపిస్తాయి. పడుకున్న జల్లెడలన్న మాట. తులసి పాత రికార్డులో ఖాళీల్లేవు. పరగడుపున ఎంత చప్పుడో, తిన్నాకా అంతే చప్పుడు. ఈ పిల్ల కడుపులో ఉన్నవే కొద్ది. మనుషులు తక్కువున్న ఇంట్లో అందరూ పనిలోకి దిగినట్టు, ఏ పూటా ఏ ఒక్కటీ పడుకోవడం లేదు.

ఊరందరి లెక్కా తప్పయింది. ఏ ఒక్క లెక్క తప్పని తేల్చడానికి ఇంత దూరం వచ్చిందో, అది ఒప్పయింది. వైజయంతికి శ్రవణిని ఎత్తి సముద్రంలో పారెయ్యాలనిపించింది. సముద్రం దగ్గర్లోనే ఉంది కూడా.

ఇది చాలదన్నట్టు బడి గేటు దగ్గర సర్పంచి కూర్మారావు కాపు కాశాడు. లెక్కలు పెరిగాయన్న కబురు అప్పటికే పిల్లల నోట ఊరంతా పాకింది.

"లెక్క తప్పయితే తప్పవనీండి మేడం. మా రోగం తప్పు కాదు గదేటి?" అన్నాడు. "ఎంతమందిని మోసీసినామో తెలుసునా మీకు? మా సావులేటి, పరగడుపున సచ్చినవా? ఆ గొట్టాలు సూడండి, ఊరి మొదట్లో దింపీసి ఉన్నాయి. కుళాయి తిప్పీదాకా మీరు నోరిప్పకండి. తరవాత మీ ఇట్టం."

"నీళ్ళు లెక్కతో పని లేకుండా ఇవ్వాలండీ. నేను మాట్లాడతాను," అంది వైజయంతి. అక్కడికక్కడే నీళ్ళ శాఖలో పెద్ద అధికారికి ఫోను చేసింది. ఆయన ఎంతో మర్యాదగా విన్నాడు. జబ్బు ఉందని అందరికీ తెలుసు మేడం, కానీ మాకొక అంకె కావాలి కదా, మీ అంకె ఏమిటో చెప్పండి అన్నాడు. వైజయంతి ఫోను పెట్టేసింది. ఆ అంకెల పిచ్చి పట్టించింది తనే. ఇప్పుడు అంకె లేకుండా దాహం వేసిందంటే నమ్మేవాడు లేడు.

కూర్మారావు ఆవిడ మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. అతను అన్నదాంట్లో ఒక్క మాటా కొట్టెయ్యడానికి లేదు. అదే ఆవిడకి మరీ మంట పుట్టించింది.

*

దమయంతి జీడిపిక్కల బట్టీ నుంచి నేరుగా బడికి వచ్చింది. జీడి రసానికి వేళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. తులసి మైదానంలో తోటిపిల్లని వీపు మీద ఎక్కించుకుని గుంజీలు తీస్తోంది.

ఏమీ దాచకుండా చెప్పింది వైజయంతి. అందరివీ పెరిగాయనీ, తులసిది పెరగలేదనీ చెప్పింది. తను కాగితం పంపితే అందరి లెక్కలూ రద్దయి పిల్లకి సీటు వస్తుందనీ, ఊరికి రావాల్సిన నీళ్ళు ఆగుతాయనీ చెప్పింది.

"అందరిదీ సెరిపీత్తే నా పిల్ల లెక్క కూడా సెరిగిపోద్దా?"

"కాగితం మీద చెరిగిపోతుంది."

"కడుపులో?"

వైజయంతి తల అడ్డంగా ఊపింది.

"నాలుగు లచ్చలంటే... ఎన్నాళ్ళు?"

"అది ఎవరికీ తెలీదు దమయంతీ. నాలుగు లక్షలతో ఎనభై ఏళ్ళు బతికినవాళ్ళున్నారు. ఎక్కువున్నా చెడిపోయినవాళ్ళున్నారు. ఎన్ని ఉన్నాయో చెప్పగలను గానీ ఎన్నాళ్ళుంటాయో చెప్పలేను. బరువులెత్తితే పోతాయని రుజువు లేదు. పోవని చెప్పడానికీ నా దగ్గర ఏమీ లేదు."

"మీ పిల్లయితే పంపీవోరా?"

"పంపేదాన్ని," అంది వైజయంతి వెంటనే.

"మీ పిల్లకెన్నున్నాయమ్మా?"

"తొమ్మిది లక్షలు."

"అయితే మీకెలగ తెలుస్తాది?" అంది దమయంతి. తగువుకి అన్నది కాదు. నిజంగానే అడిగింది. వైజయంతి సిగ్గుతో మైదానం వైపు తల తిప్పుకుంది. తులసి ఇంకా గుంజీలు తీస్తూనే ఉంది.

"ఇంటికాడ కూకుంటే ఉన్నవి పెరుగుతాయేటి?" అంది దమయంతి చివరికి.

"పెరగవు."

"మరి ఏటి సెయ్యాల?"

"నీళ్ళు బాగా తాగాలి. ఉప్పు తక్కువ తినాలి. బీపీ చూపించుకుంటూ ఉండాలి. నొప్పి మాత్రలు మాత్రం ముట్టకూడదు. ఆటల్లో దెబ్బలు తగులుతాయి, నడుం పట్టేస్తుంది, అక్కడివాళ్ళు చేతిలో మాత్ర పెట్టేస్తారు. అది మింగకూడదు. ఉన్న కాసిన్నీ వాటితో పోతాయి."

దమయంతి ఆవిడ వైపు తిరిగింది. "నొప్పి గోలీలా?"

"అవును."

"ఈ రోగంతోనే పోనాడు దీని నాయిన. కొబ్బరి సెట్లెక్కీవోడు. దినాం నడుం నొప్పే. కిళ్ళీకొట్లో గోలీలు కొనీసి బటానీలు తిన్నట్టు తినీవోడు. నానే ఇచ్చీదాన్ని నీల్లతో." నల్లబడ్డ వేళ్ళ వైపు చూసుకుంది. "ఎవులూ సెప్పనేదు. సెప్తే మానీసీవోడు. సెప్తే వినీ మనిసమ్మా."

కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "ఎల్లనీండి దాన్ని. గోలీల సంగతి ఆ కోచ్ బాబుకి మీరే సెప్పండి. నాను సెప్తే ఇనరు. ఎందుకో మాత్రం సెప్పకండి. నాలుగు లచ్చల పిల్ల అని మళ్ళీ ఎవులూ అనకూడదు. ఈ లెక్క నా కాడ ఉంటాది."

"ఊరికి నీళ్ళు?"

ఊరి మాట దమయంతి ఒక్కతే చెప్పగలిగేది కాదు. ఆ బరువు ఎవరి నెత్తిన పెట్టాలో తెలీక, అది వైజయంతి నెత్తి మీదే వదిలేసి పిల్లని పిలుచుకుని ఇంటికెళ్ళింది.

వైజయంతి బడి వరండాలోనే కూర్చుని ప్రభుత్వానికి రాసి పంపేసింది. శ్రవణి చెప్పిన లెక్కలేవీ చెల్లవు. కింద ఇంకో మాట చేర్చింది. ఈ ఊరికి మంచినీళ్ళు ఇవ్వడానికి లెక్క అక్కర్లేదు, ఊరు చాలు. మొదటి మాటకి వెంటనే జవాబు వచ్చింది. రెండోదానికి రాలేదు. ఆ తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసినా రాలేదు.

శనివారం తులసి పెట్టె పట్టుకుని బస్సెక్కింది. అదే రోజు ఊరి మొదట్లో దింపిన గొట్టాల్ని మళ్ళీ లారీలోకి ఎక్కించారు. తులసిని సాగనంపడానికి ఊళ్ళోనే ఉండిపోయిన వైజయంతికి కూర్మారావు ఎదురుపడి కూడా పలకరించలేదు. ఆడవాళ్ళు బోరు దగ్గర బిందెలు దింపి లారీ వైపు చూస్తూ నిలబడ్డారు. వాళ్ళలో దమయంతి కూడా ఉంది.

విశాఖపట్నం తిరిగి వెళ్ళాక కోచ్‌కి ఫోను చేసి అన్నీ చెప్పింది వైజయంతి. నీళ్ళు, ఉప్పు, బీపీ. నొప్పి మాత్ర ఎంత నొప్పి వచ్చినా వద్దని రెండుసార్లు చెప్పింది.

"రాసుకున్నానండీ," అన్నాడతను. "కానీ లెక్కలన్నీ రద్దయిపోయాయిగా మేడం. మరి ఈ అమ్మాయి ఒక్కదానికే ఇన్ని జాగ్రత్తలేంటి? ఏమైనా ఉందా?"

ఇన్నేళ్ళలో శ్రవణి చెప్పిన అంకెల్లో వైజయంతి కళ్ళు మూసుకుని నమ్మగలిగిన అంకె తులసిదొక్కటే. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం లేదండీ," అంది. "వాళ్ళమ్మ చెప్పమంది."